గోడ మీద నిలిచేది సీలింగ్ మీద ఎందుకు ఊడుతుంది?

చీకట్లో మెరిసే ప్లాస్టిక్ నక్షత్రం బరువు మహా అయితే ఒకటి రెండు గ్రాములు. అయినా అర్ధరాత్రి టప్పుమని ముఖం మీద పడుతుంది. అదే గదిలో గోడకు అంటించిన పెద్ద పోస్టరు మాత్రం ఏళ్ల తరబడి కదలదు. నేను ఒకసారి ఓపిగ్గా నలభై నక్షత్రాలు సీలింగ్‌కు అంటించాను. వారం తిరక్కుండానే సగానికి సగం పరుపు మీద ఏరుకోవలసి వచ్చింది. టేపు నాసిరకమని తిట్టుకుని గట్టి టేపు తెచ్చి మళ్లీ అంటిస్తే, ఈసారి నక్షత్రాలతో పాటు రంగు పెచ్చులు కూడా రాలాయి. మొదటిసారి ఓడింది టేపు. రెండోసారి ఓడింది సీలింగ్.

ఈ రెండు ఓటములకూ కారణాలు వేరు. మనం మాత్రం రెండింటికీ ఒకటే ప్రశ్న వేస్తాం: "ఇది ఎంత బరువు మోస్తుంది?" ప్యాకెట్ మీద ఒక అంకె ఉంటుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకుంటాం. తేలికైన అలంకరణల దగ్గర ఆ అంకె చెప్పేది చాలా తక్కువ. అసలు తేల్చుకోవలసినవి రెండు. బరువు టేపును ఏ దిక్కుకు లాగుతోంది? టేపు నిజంగా దేనికి అంటుకుని ఉంది?

తేలిక అంటే ఎంత తేలిక

ముందు బరువు సంగతి చూద్దాం. మామూలు ప్రింటర్ కాగితం చదరపు మీటరుకు 80 గ్రాములు తూగుతుంది. ఒక ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. అంటే ఒక్కో కాగితం 5 గ్రాములు. రెండు కాగితాలు మడిచి చేసిన నక్షత్రం 10 గ్రాములు. చదరపు మీటరుకు 50 గ్రాములు తూగే పల్చటి బట్టను 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు కత్తిరించి పందిరిలా వేలాడదీస్తే 300 గ్రాములు.

ఇప్పుడు దీని పక్కన జిగురు సత్తా పెట్టి చూడండి. నురుగు పొర ఉండే గట్టి రకం డబుల్ సైడ్ టేపులకు ఒక మోటు లెక్క వాడుకలో ఉంది. ఎప్పుడూ వేలాడే ప్రతి కిలో బరువుకు సుమారు 55 చదరపు సెంటీమీటర్ల టేపు కావాలి. ఆ ప్రకారం 10 గ్రాముల కాగితం నక్షత్రానికి అర చదరపు సెంటీమీటరు చాలు, గోరంత ముక్క. 300 గ్రాముల పందిరికి పదహారున్నర చదరపు సెంటీమీటర్లు. రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున్న టేపు అయితే జానెడు కూడా అక్కర్లేదు.

కాగితం మీద లెక్క ఇంత సులువు. గదిలో మాత్రం నక్షత్రాలు రాలుతూనే ఉంటాయి. ఎందుకంటే ఈ లెక్కలో రెండు షరతులు దాగి ఉన్నాయి: టేపు మొత్తం ఉపరితలానికి నిండుగా తగలాలి, లాగుడు టేపంతటి మీదా సమానంగా పడాలి. సీలింగ్ మీద ఈ రెండూ కలిసి రావడం అరుదు.

లాగడంలో మూడు రకాలు

టేపును ఊడదీయడానికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది జారే లాగుడు. గోడకు అంటించిన హుక్‌కు ఏదైనా తగిలిస్తే బరువు గోడ వెంబడే కిందికి లాగుతుంది. టేపు ఊడాలంటే ఉన్న జాగా అంతా ఒకేసారి జారాలి. రెండోది సూటి లాగుడు, ఉపరితలానికి సరిగ్గా ఎదురుగా లాగడం. సీలింగ్ నుంచి వేలాడే ప్రతి వస్తువూ ఇలాగే మొదలవుతుంది. ఇక్కడ కూడా టేపు మొత్తం ఒక్కటై ఎదురు నిలుస్తుంది.

మూడోది ఒలిచే లాగుడు. అంచును కాస్త లేపి అక్కడి నుంచి లాగడం. ఇది మిగతా రెండింటిలాంటిది కాదు. ఏ క్షణంలో చూసినా బరువంతా సన్నటి ఒక్క గీత మీదే పడుతుంది. ఆ గీత ఊడితే దాని వెనక గీత, అది ఊడితే దాని వెనకది. టేపు ఎంత పొడవున్నా ఒక్కో క్షణం పోరాడేది ఆ కొద్దిపాటి భాగమే. అందుకే రెండు చేతులతో సూటిగా లాగినా రాని టేపు, మూల దగ్గర గోరు దూర్చితే సునాయాసంగా వచ్చేస్తుంది.

సీలింగ్ మీద చిక్కంతా ఇక్కడే. సూటి లాగుడు ఇట్టే ఒలిచే లాగుడుగా మారిపోతుంది. దారం టేపు నడిమధ్య నుంచి కాకుండా ఒక పక్క నుంచి వేలాడితే చాలు. కాగితం తోరణం చివర్లు టేపు అంచు దగ్గర వంగితే చాలు. గోడ మీద ఉన్నప్పుడు బరువు టేపును జారే దిక్కుకే లాగింది కాబట్టి చిన్న చిన్న తప్పులు కొట్టుకుపోయాయి. సీలింగ్ మీద ప్రతి తప్పూ అంచును ఒలిచే పనిలో పడుతుంది. చాలా అంటుకునే హుక్కుల ప్యాకెట్ల మీద ఇచ్చే బరువు అంకె నిలువు గోడ మీద పరీక్షించినది. సీలింగ్ కోసమని ప్రత్యేకంగా అమ్మే హుక్కుల మీద అంకె బాగా తక్కువగా ఉంటే, అందులో మోసం లేదు, నిజాయితీ ఉంది.

ఈ విద్యలో ఆరితేరినది మన నెత్తి మీదే తిరుగుతుంటుంది. బల్లి. దాని కాళ్లకు జిగురు ఉండదు. టోకే జాతి పెద్ద బల్లి ఒక్కో పాదం కింద సుమారు ఐదు లక్షల సన్నటి వెంట్రుకలు ఉంటాయి. అవి ఉపరితలానికి అతి దగ్గరగా చేరినప్పుడు అణువుల మధ్య పుట్టే బలహీనమైన ఆకర్షణలే, లక్షల సంఖ్యలో కలిసి, దాన్ని పట్టి ఉంచుతాయి. అమెరికా శాస్త్రవేత్త కెల్లర్ ఆటమ్ బృందం 2000లో ఒక్క వెంట్రుక బలాన్ని కొలిచింది. మనకు పనికొచ్చే సంగతి ఇంకొకటి కూడా ఆ పరిశీలనల్లో బయటపడింది. వెంట్రుక ఉపరితలంతో చేసే కోణం సుమారు 30 డిగ్రీలు దాటగానే పట్టు విడిపోతుంది. బల్లి పాదం మోపి కాస్త వెనక్కి ఈడ్చి పట్టు బిగిస్తుంది. వేళ్లను కొనల నుంచి పైకి చుట్టి, అంటే ఒలిచి, పట్టు వదులుతుంది. అతుక్కోవడానికి జారే లాగుడు, వదిలించుకోవడానికి ఒలిచే లాగుడు. మన నక్షత్రాలు రెండోది మాత్రమే నేర్చుకున్నట్టున్నాయి.

నక్షత్రం విషయంలో ఇంకో దోషం కూడా ఉంది. అది గట్టి ప్లాస్టిక్. సీలింగ్ కంటికి చదునుగా కనిపించినా రోలర్ గుర్తులు, లప్పం గీతలు, చిన్న చిన్న ఎత్తుపల్లాలు ఉంటాయి. మెత్తటి కాగితం వాటి మీద ఒదిగి కూర్చుంటుంది. గట్టి నక్షత్రం మూడు నాలుగు మెట్టల మీద తేలి నిలబడుతుంది. వెనక అంటించిన టేపు ముక్కలో నిజంగా సీలింగ్‌ను తాకేది పదో వంతో, ఇంకా తక్కువో. ఐదు గ్రాముల కాగితం నిలిచి ఒక గ్రాము నక్షత్రం రాలడంలో వింతేమీ లేదు. నురుగు టేపు పల్చటి టేపు కంటే ఇక్కడ మెరుగ్గా పనిచేసేది కూడా ఇందుకే. అందులోని మెత్తదనం పల్లాల్లోకి దిగుతుంది.

ఊడిన టేపు చెప్పే సాక్ష్యం

రాలిపడిన అలంకరణను విసుగుతో చెత్తబుట్టలో వేసే ముందు దాని టేపును ఒకసారి వెనక్కి తిప్పి చూడాలి. అక్కడ మూడింటిలో ఒకటి కనిపిస్తుంది.

టేపు శుభ్రంగా, మెరుస్తూ ఉంటే అది సీలింగ్‌కు సరిగ్గా అంటుకోనే లేదు. సరిపడా నొక్కి ఉండరు. లేదా అక్కడి రంగు దేన్నీ అంటనివ్వని రకం అయి ఉంటుంది. మరకలు పడకుండా, కడగడానికి వీలుగా చేసిన కొన్ని రంగులు నీళ్లను, నూనెను వదిలేసినట్టే జిగురునూ వదిలేస్తాయి. (బల్లి కూడా పొడి టెఫ్లాన్ మీద నిలవలేదు, కాబట్టి టేపును మరీ నిందించనక్కర్లేదు.)

జిగురు సగం టేపు మీద, సగం సీలింగ్ మీద మిగిలితే జిగురే మధ్యలో చీలిందన్నమాట. వేడికి మెత్తబడిన జిగురు, పాతబడిన టేపు, లేదా దాని శక్తికి మించిన బరువు ఇలా చేస్తాయి. అంటుకునే టేపుల్లోని జిగురు పూర్తిగా ఘనపదార్థం కాదు, పూర్తిగా ద్రవమూ కాదు. అందుకే నొక్కితే సందుల్లోకి పారుతుంది. అదే కారణం వల్ల నెలల తరబడి ఒకే బరువు లాగుతుంటే నెమ్మదిగా సాగుతుంది కూడా. "పొద్దున బాగానే ఉంది, ముట్టుకోలేదు, దానంతటదే పడింది" అనేవన్నీ ఎక్కువగా ఈ కోవలోవే. అది పొద్దున్నుంచి కాదు, అంటించిన రోజు నుంచీ పడుతూనే ఉంది.

టేపు మీద తెల్లటి పొడి, రంగు పొర, లప్పం పెచ్చు కనిపిస్తే టేపు తన పని తాను చేసింది. ఓడింది దాని పై పొర. ఇంకా గట్టి టేపు వాడితే ఇంకా పెద్ద పెచ్చు వస్తుంది, అంతే. మొదటి రకంలో పనికొచ్చే మందు మూడో రకంలో విషమవుతుంది. ఒకరికి పనిచేసిన చిట్కా ఇంకొకరి సీలింగ్ పాడుచేయడానికి కారణం చాలాసార్లు ఇదే.

సీలింగ్ ఒక పొర కాదు

పైకి చూస్తే తెల్లటి ఒక్క పలక. అడ్డంగా కోసి చూస్తే కాంక్రీట్ శ్లాబు, దాని కింద ప్లాస్టరింగ్, లప్పం, ప్రైమర్, ఆపైన రెండు మూడు కోట్ల రంగు. పాత ఇల్లయితే ఆ రంగు కింద ఇంకో రంగు, దాని కింద ఎప్పటిదో సున్నం. టేపు పట్టుకున్నది చిట్టచివరి పొరనే. ఆ పొరను దాని పైది, దాన్ని ఇంకా పైది పట్టుకోవాలి. గొలుసులో ఏ లంకె బలహీనమైతే అక్కడే తెగుతుంది, టేపు మీద ఎంత బలం రాసి ఉన్నా సరే.

సున్నం, చవకరకం డిస్టెంపర్ పొడిబారి ఉంటాయి. అరచేత్తో రుద్దితే తెల్లగా అంటుతుంది. అలాంటి సీలింగ్‌కు టేపు అంటించడమంటే పిండి చల్లిన పలకకు అంటించడమే. ఎమల్షన్ రంగులు పొరలా గట్టిపడతాయి కాబట్టి మెరుగు. వాటిలోనూ మెరుపు లేని మాట్ రకం కంటే కాస్త నిగారింపు ఉన్న రకం టేపును బాగా పట్టుకుంటుంది. సీలింగ్‌లకు ఎక్కువగా వేసేది మాట్ రకమే, ఎత్తుపల్లాలు కనపడవని. మన కష్టం అక్కడే మొదలు.

కొత్తగా వేసిన రంగు దగ్గర ఇంకో తికమక ఉంది. రంగు ఆరడం వేరు, గట్టిపడడం వేరు. ముట్టుకుంటే చేతికి అంటనంత మాత్రాన పొర లోపలి పని పూర్తయినట్టు కాదు. ఎమల్షన్ కొన్ని గంటల్లో ఆరుతుంది, పూర్తిగా గట్టిపడడానికి వారాలు పడుతుంది. అంటుకునే హుక్కుల వాళ్లు సాధారణంగా రంగు వేశాక కనీసం వారం ఆగమంటారు. ఇంకొన్ని వారాలు ఆగితే నష్టం లేదు.

గరుకుగా, గింజలు గింజలుగా చేసిన టెక్స్చర్ సీలింగ్ మీద టేపు ప్రస్తావనే వృథా. గింజల కొనలు తప్ప ఏమీ తగలవు, ఆ గింజలే చేత్తో రాలిపోతాయి. కొన్ని దేశాల్లో 1980ల ముందు వేసిన ఇలాంటి పూతల్లో ఆస్బెస్టాస్ కలిపేవారు. పాత ఇళ్లలో పరీక్ష చేయించకుండా దాన్ని గీకడం, తొలవడం ఊపిరితిత్తులకు ప్రమాదం.

జిగురుకు కాలం కావాలి

అంటించగానే లాగి చూసి "గట్టిగానే ఉంది" అనుకుంటాం. నిజానికి అప్పటికి సగం పట్టు కూడా వచ్చి ఉండదు. గట్టి రకం నురుగు టేపు మామూలు గది వేడిమిలో 20 నిమిషాలకు తన పూర్తి బలంలో సుమారు సగం, ఒక రోజుకు 90 శాతం, మూడు రోజులకు మొత్తం తెచ్చుకుంటుంది. జిగురు సందుల్లోకి పారడానికి పట్టే సమయమది. 30 సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి, గంట ఆగి తగిలించండి అని హుక్కుల ప్యాకెట్లపై రాసేది ఊరికే కాదు. సీలింగ్ మీద నొక్కడం మరీ ముఖ్యం. స్టూలెక్కి చేతులు పైకెత్తి, మెడ వెనక్కి వాల్చి నొక్కే నొక్కుడు గోడ మీద నొక్కినంత బలంగా ఉండదు. ఈ సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, నలభయ్యో నక్షత్రం దగ్గరికి వచ్చేసరికి నా చేతులకు బాగా తెలిసింది.

ఇక వేడి. గదిలో వేడిగాలి పైకే చేరుతుంది. పైన ఎండ తగిలే శ్లాబు ఉంటే సీలింగ్ ఇంకా వేడెక్కుతుంది, రాత్రికి చల్లబడుతుంది. జిగురు మధ్యాహ్నం మెత్తబడి సాగుతుంది, రాత్రి బిగుసుకుంటుంది. రోజూ ఇదే తంతు. అర్ధరాత్రి రాలడం వెనక ఇదీ ఒక కారణమే.

బిగుతుగా కట్టిన దారం ఎందుకు ముందు ఊడుతుంది

ఒక్కో వస్తువు విడిగా వేలాడితే లెక్క సులువు. దీపాల తీగ, కాగితం జెండాల తోరణం లాంటివి రెండు చివర్ల మధ్య కడతాం కాబట్టి కథ మారుతుంది. అందరికీ దారం బిగుతుగా, సూటిగా ఉంటేనే అందం. బిగుతుగా ఉంటే భద్రంగా ఉన్నట్టు కూడా అనిపిస్తుంది. నిజం దీనికి తలకిందులు.

3 మీటర్ల దూరంలో రెండు హుక్కులు, వాటి మధ్య 150 గ్రాముల దీపాల తీగ అనుకుందాం. కిందికి లాగే బరువు ఒక్కో హుక్‌కు 75 గ్రాములు. తీగ వదులుగా ఉన్నా, బిగుతుగా ఉన్నా ఇది మారదు. మారేది పక్కకు లాగే లాగుడు. దాని లెక్క ఇది: తీగ బరువును దూరంతో గుణించి, నడిమధ్య ఒంపుకు (అంటే తీగ మధ్యలో కిందికి దిగిన లోతుకు) ఎనిమిది రెట్లతో భాగించాలి. ఒంపు 30 సెంటీమీటర్లు ఉంటే 150 × 3 ÷ (8 × 0.3), అంటే సుమారు 190 గ్రాముల లాగుడు. తీగను లాగి కట్టి ఒంపును 5 సెంటీమీటర్లకు తగ్గిస్తే 150 × 3 ÷ (8 × 0.05), అంటే 1,125 గ్రాములు. తీగ బరువు పిసరు కూడా పెరగలేదు. హుక్ మీద పక్క లాగుడు మాత్రం ఆరు రెట్లయింది. ఒంపు లేకుండా పూర్తిగా సూటిగా ఉండాలంటే ఎంత బలమూ చాలదు.

పక్క లాగుడు జారే దిక్కుకే కదా, దానికి టేపు బాగానే నిలుస్తుంది కదా అని అనిపించవచ్చు. పల్చటి క్లిప్పు సీలింగ్‌కు ఆనుకుని ఉంటే అది నిజమే. కానీ హుక్ కొన రెండు సెంటీమీటర్లు కిందికి వేలాడుతుంది. ఆ కొనను పక్కకు లాగితే హుక్ మొత్తం గునపంలా తిరగబోతుంది. లాగే వైపు అంచు సీలింగ్‌కు ఒత్తుకుంటుంది, వెనక అంచు లేస్తుంది. మళ్లీ అదే ఒలుపుడు. కాబట్టి తీగల కోసం పొడుగు కొక్కేల కంటే పొట్టి క్లిప్పులు ఎక్కువ కాలం నిలుస్తాయి.

తీగను పది చోట్ల అంటిస్తే? మధ్యలోని హుక్కులకు రెండు వైపుల నుంచీ లాగుడు సమానంగా వచ్చి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. వాటికి మిగిలేది కిందికి వేలాడే బరువే. చివరి హుక్కులకు ఆ అదృష్టం లేదు, ఒకే వైపు లాగుడు. అందుకే తోరణాలు దాదాపు ఎప్పుడూ కొస నుంచే ఊడడం మొదలవుతుంది. కొసది ఊడగానే దాని పక్కది కొత్త కొస అవుతుంది, దాని వంతు వస్తుంది. జిప్పు తెరుచుకున్నట్టు వరసగా అన్నీ. మధ్యలోది ఊడినా పక్క రెండింటి మీద భారం ఒకటిన్నర రెట్లవుతుంది. అందరూ హుక్కుల సంఖ్య పెంచుతారు. కొసల దగ్గర మాత్రం బలం పెంచరు. పది హుక్కుల్లో ఎనిమిది మామూలువి, రెండు కొసల్లో గట్టివి ఉన్న వరస, పదీ ఒకే రకంగా ఉన్నదాని కంటే నయం.

గాలి బరువు

ఫ్యాన్ ఉన్న గదిలో బరువు ఒక్కటే చూస్తే సరిపోదు. సెకనుకు 3 మీటర్ల వేగంతో వచ్చే గాలికి ఏ4 కాగితం ఎదురుగా నిలబడితే దాని మీద పడే తోపుడు సుమారు 35 నుంచి 40 గ్రాముల బరువుకు సమానం. కాగితం సొంత బరువు 5 గ్రాములే. స్వేచ్ఛగా వేలాడే కాగితం గాలికి పక్కకు వాలి కొంత తప్పించుకుంటుంది, నాలుగు మూలలా బిగించినది తప్పించుకోలేదు. పైగా ఈ తోపుడు ఒకసారితో పోదు, రాత్రంతా రెపరెపలాడిస్తూనే ఉంటుంది. దారంతో వేలాడదీసిన వాటికి దారమే ఈ ఊపును మింగేసి టేపు దాకా రానివ్వదు. తిన్నగా అంటించిన కాగితం పువ్వుల్లో ప్రతి రేక కదలికా టేపు అంచును కదిలిస్తుంది.

దీపాల తీగ గానీ, పందిరి బట్ట గానీ ఊడినప్పుడు రెక్కలకు అందేంత దగ్గరలో ఉండడం మాత్రం వేరే స్థాయి ప్రమాదం. ఇప్పుడెంత దూరంలో ఉందన్నది కాదు, ఒక కొస ఊడి వేలాడితే ఎక్కడి దాకా వస్తుందన్నది లెక్క. మూడు మీటర్ల తీగ ఒక కొస ఊడితే మిగిలిన కొస నుంచి మూడు మీటర్ల దూరం దాకా ఎటైనా ఊగగలదు.

అంటించాలా, రంధ్రం చేయాలా

ఇక్కడ రెండు పక్షాలున్నాయి, రెండింటిలోనూ న్యాయముంది. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, తరచూ అలంకరణ మార్చేవాళ్లు అంటించడమే మేలంటారు. దుమ్ము లేదు, మిషన్ అక్కర్లేదు, తీసేస్తే ఆనవాలు ఉండదు. ఈ చివరి మాట సగమే నిజం. లాగి సాగదీసి తీసే రకం పట్టీలు నిజంగానే తెలివైనవి. పట్టీని ఉపరితలం వెంబడి సాగదీస్తే అది సన్నబడుతూ, పలచబడుతూ కొద్దికొద్దిగా పట్టు వదిలేస్తుంది. కానీ సీలింగ్ కింద నిలబడి తీసేటప్పుడు చెయ్యి సహజంగా కిందికే లాగుతుంది. సాగాల్సిన పట్టీ ఒలుస్తుంది, రంగును వెంట తెస్తుంది.

రంధ్రం పక్షం వాళ్ల వాదన ఏమిటంటే, 6 మిల్లీమీటర్ల రంధ్రాన్ని చిటికెడు లప్పంతో పూడ్చవచ్చు, అరచేయంత పెచ్చు ఊడిన రంగును కలిసిపోయేలా మళ్లీ వేయడం చాలా కష్టం. ఇదీ నిజమే. కాంక్రీట్‌లో ప్లాస్టిక్ ప్లగ్ వేసి బిగించిన చిన్న కొక్కెం ముందు మనం మాట్లాడుకుంటున్న బరువులు లెక్కలోకే రావు. అయితే శ్లాబును తొలిచేటప్పుడు లోపలి కరెంటు పైపుల భయం ఉంది. గోడల్లో అవి సాధారణంగా నిలువుగానో అడ్డంగానో వెళ్తాయి కాబట్టి స్విచ్‌బోర్డును బట్టి ఊహించవచ్చు. శ్లాబులో ఫ్యాన్ దగ్గరికి, లైటు దగ్గరికి దగ్గరి దారిన ఐమూలగా కూడా పోతాయి. కొన్ని భవనాల శ్లాబుల్లో బిగించి లాగిన ఉక్కు తాళ్లుంటాయి, వాటిని స్కాన్ చేయకుండా తొలవకూడదు. 10 గ్రాముల నక్షత్రం కోసం ఇంత సాహసం అవసరమా అన్నది మొదటి పక్షం అడిగే ప్రశ్న. నా మట్టుకు గీత ఇక్కడ గీస్తాను: కాగితం, ప్లాస్టిక్ చిన్నవస్తువులు అంటించదగ్గవి. పందిరి బట్టల్లాగా పడితే మనిషిని చుట్టుకునేవి, దీపాల తీగ కొసలు, ఏళ్ల తరబడి ఉంచదలచినవి రంధ్రానికి తగ్గవి.

ఇద్దరికీ నచ్చే మధ్యేమార్గమని ఒక చిట్కా ప్రచారంలో ఉంది. ముందు పెయింటర్లు వాడే కాగితం టేపు, అంటే మాస్కింగ్ టేపు, అంటించి, దాని మీద డబుల్ సైడ్ టేపు వేయడం. రంగు పాడవదంటారు. మాస్కింగ్ టేపు పుట్టిందే అందుకు. కార్లకు రెండు రంగులు వేసేటప్పుడు, తీసినా కింది రంగు ఊడని టేపు కావాలని రిచర్డ్ డ్రూ 1925లో 3ఎం కంపెనీలో దాన్ని తయారుచేశాడు. సులువుగా ఊడడమే దాని గొప్పతనం. దాని మీద ఎంత గట్టి టేపు వేసినా మొత్తం కూర్పు బలం ఆ కాగితం టేపు బలమే. కాగితం నక్షత్రానికి అది చాలు. ఇంకేదానికీ నమ్మలేం.

గోడ నుంచి గోడకు దారం కట్టి సీలింగ్ జోలికే పోకుండా ఉండేవాళ్లూ ఉన్నారు. మంచి ఆలోచనే, ఒక మెలిక ఉంది. దారం గోడను తన వైపు లాగుతుంది, అంటే గోడ హుక్‌కు ఇప్పుడు జారే లాగుడు కాదు, సూటి లాగుడు. సీలింగ్ కష్టం గోడకు బదిలీ అయింది. ఒంపు బాగా వదిలితే మాత్రం ఈ పద్ధతి హాయిగా పనిచేస్తుంది.

ఫాల్స్ సీలింగ్ అయితే

జిప్సమ్ బోర్డు సాధారణంగా పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం, లోపల సుద్దలాంటి పదార్థం, రెండు వైపులా కాగితం. కాంక్రీట్‌కు వాడే ప్లాస్టిక్ ప్లగ్ ఇందులో పట్టు దొరక్క సుద్దను పొడి చేసి జారిపోతుంది. రంధ్రంలోంచి దూర్చాక అవతల రెక్కలు విచ్చుకునే స్ప్రింగు టాగిల్ బరువును బోర్డు పైభాగం మీద పరుస్తుంది కాబట్టి నిలుస్తుంది. బోర్డును మోసే లోహపు చట్రం ఎక్కడుందో చిన్న అయస్కాంతం చెబుతుంది. కనిపించే ఇనుప చట్రంలో పలకలు కూర్చోబెట్టిన రకం అయితే ఏ జిగురూ అక్కర్లేదు, చట్రానికి తగిలించే క్లిప్పులు దొరుకుతాయి. అయస్కాంతపు కొక్కెం కూడా అక్కడ బాగా పనిచేస్తుంది. గోడ మీద జారిపోయే అయస్కాంతం సీలింగ్ మీద సూటి లాగుడుకు ఎదురు నిలుస్తుంది, అది దానికి అచ్చొచ్చిన దిక్కు. టేపుకు సరిగ్గా వ్యతిరేకం.

వేటికి తగిలించకూడదు

సీలింగ్‌లో ఇప్పటికే బిగించి ఉన్నవి చూడగానే ఆశ పుడుతుంది. ఫ్యాన్ కడ్డీ, లైటు బిగింపు, పొగను పసిగట్టే పరికరం, మంటలార్పే నీటి స్ప్రింక్లర్. ఇవేవీ కొక్కేలు కావు. స్ప్రింక్లర్‌కు దారం కట్టినా, దగ్గరలో బట్ట వేలాడదీసినా నీళ్లు చిమ్మే దారి మూసుకుపోతుంది. దాని కింద కనీసం 45 సెంటీమీటర్ల ఖాళీ ఉంచాలన్నది ఎక్కువగా పాటించే నియమం. పొగ పరికరాన్ని పందిరి కప్పేస్తే అది ఉన్నా లేనట్టే.

పసిపిల్లల మంచం పైన లెక్క మరీ కఠినం. ఊగే బొమ్మల దారాలు అందకుండా ఉండాలి. శిశువు చేతులు, మోకాళ్ల మీద లేవడం మొదలుపెట్టగానే, లేదా ఐదు నెలలు నిండగానే, ఏది ముందైతే అప్పుడు, మంచం మీదుగా వేలాడేవి తీసేయాలని పిల్లల వైద్యులు చెబుతారు. అక్కడ బరువు ఎంత తక్కువైనా, టేపు ఎంత గట్టిదైనా తేడా లేదు. నా నక్షత్రాలు ఇప్పుడు మంచం మీదుగా లేవు. కిటికీ వైపున్న మూలలో పదిహేను ఉన్నాయి, వాటి అడుగున కుర్చీ కూడా లేదు. మొన్న వేసవిలో రెండు రాలాయి. తిప్పి చూస్తే రెండింటి టేపూ శుభ్రంగా, మెరుస్తూ ఉంది.